స్కోలిన్ పడని ఇళ్లు



ఆపరేషన్ అనగానే మనం ముందుగా సర్జన్ గారి గురించి వాకబు చేస్తాం. చెయ్యి మంచిదేనా, ఎక్కడ చదివారు, మన ఊళ్లో ఎవరికి చేశారు, ఇవన్నీ అడుగుతాం. మత్తు ఎవరిస్తారని అడిగేవాళ్లు తక్కువ. ఆ మత్తు డాక్టరు మాత్రం ఆపరేషన్‌కు ముందు మీ మంచం పక్కకొచ్చి నిలబడతారు. షుగరుందా అంటారు. బీపీ ఉందా అంటారు. కట్టుడు పళ్లున్నాయా, చివరిసారి ఎప్పుడు తిన్నారు అంటారు. ఆ తర్వాత ఇంకొక ప్రశ్న అడుగుతారు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి రావడం ఆలస్యమైందా? గంటల తరబడి మిషను మీద పెట్టారా?"

చాలామంది "అట్లాంటివేం లేవు సార్" అనేస్తారు. ఆలోచించకుండానే అనేస్తారు. తొందరలో ఉంటారు, భయంలో ఉంటారు, వాళ్ల తప్పు కాదు. కానీ ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. మదనపల్లెలో వింటున్నవాళ్లు, పుంగనూరులో వింటున్నవాళ్లు, కుప్పంలో వింటున్నవాళ్లు, దయచేసి ఈ కాసేపూ చెవిన వేసుకోండి. ఆ ప్రశ్నకు జవాబు మీ ఇంటి పెద్దవాళ్ల దగ్గరే ఉంది. ఏ స్కానింగులోనూ కనపడదు.

ముందు ఒక మందు గురించి చెప్తాను. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్లమంతా దాన్ని స్కోలిన్ అంటాం. పుస్తకంలో పేరు సక్సినైల్‌కోలిన్. ఇది నిద్రపుచ్చే మందు కాదు. కండరాలను వదులు చేసే మందు. నిద్రమందు ముందే ఇచ్చేస్తాం, మనిషి నిద్రపోయాక ఇది ఇస్తాం. ఎందుకంటే గొంతులోకి గొట్టం వెయ్యాలంటే దవడ వదులవ్వాలి, స్వరపేటిక తెరుచుకోవాలి. మనిషి కడుపునిండా తిని ఉన్నా, ప్రమాదంలో దెబ్బలు తగిలి వచ్చినా, బిడ్డ గుండె తగ్గిపోతోందని అర్ధరాత్రి సిజేరియన్‌కు పరుగెత్తినా, ఆ గొట్టం నిమిషంలో పడాలి. అంత వేగంగా పనిచేసే మందు కనుకే స్కోలిన్ ఇన్నేళ్లుగా మా ట్రేలో ఉంది.

అది పనిచేసేటప్పుడు దగ్గరనుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. సూది నరంలోకి వెళ్లిన అరనిమిషానికి కనురెప్పలు సన్నగా అదురుతాయి. తర్వాత చెంపలు. తర్వాత మెడ, భుజాలు. చర్మం కింద ఆ అదురు పొట్ట మీదుగా తొడల్లోకి, పిక్కల్లోకి, చివరికి కాలివేళ్ల దాకా పాకుతుంది. వేళ్లు ఒకసారి వణికి ఆగిపోతాయి. అంతే, ఒళ్లంతా వదులైపోతుంది. ఊపిరి కూడా ఆగిపోతుంది. భయపడకండి, మేం ఆపించిన ఊపిరే అది. గొట్టం వేసి, మిషనుకు ఉన్న రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఆ ఊపిరి మేమే అందిస్తాం. ఐదు నిమిషాలు గడుస్తాయి, మహా అయితే పది. ఉన్నట్టుండి చేతిలో సంచి కొద్దిగా లాగినట్టవుతుంది. రోగి తనంతట తాను గాలి పీల్చుకున్నాడన్నమాట. ఆ లాగుడు కోసమే మా చెయ్యి ఎదురుచూస్తుంటుంది.

ఐదు, పది నిమిషాల్లో ఆ మందు ఏమవుతుంది? మన రక్తంలో ఒక ఎంజైమ్ ఉంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. దాన్ని సూడోకోలినెస్టరేజ్ అంటారు. ల్యాబు కాగితంలో సీరం కోలినెస్టరేజ్ అని ఉంటుంది. స్కోలిన్‌ను ముక్కలు చేసి పనికిరాకుండా చేసేది అదే. చెరువుకు తూము తీస్తే నీళ్లు ఎంతలో పోతాయో మీకు తెలుసు. అదే తూము పూడిపోతే? ఇంకి ఇంకి, ఎండి ఎండి పోవాల్సిందే. ఆ ఎంజైమ్ లేని మనిషి ఒంట్లో స్కోలిన్ పరిస్థితి అదే. నిమిషాల్లో పోవాల్సింది గంటలు పడుతుంది. మూడు గంటలు, నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అంతసేపూ ఆ మనిషి కాలు కదపలేడు, చెయ్యి కదపలేడు, సొంతంగా గాలి పీల్చలేడు.

మళ్లీ చెప్తాను. ఎంజైమ్ ఉంటే ఐదు, పది నిమిషాలు. ఎంజైమ్ లేకపోతే గంటలు.

ఈ సంగతి లోకానికి తెలిసి చాలా కాలమైంది. స్కోలిన్ 1951లో ఐరోపా థియేటర్లలోకి వచ్చింది. మరుసటి ఏడాదికే, 1952లో, కొందరికి ఊపిరి తిరిగి రావడం బాగా ఆలస్యమవుతోందని ఇంగ్లండు డాక్టర్లు రాశారు. అందరికీ కాదు, కొందరికే. ఎందుకు? ఆ చిక్కుముడి విప్పినవాళ్లలో పెద్ద పేరు వెర్నర్ కాలోది. కెనడాలోని టొరంటోలో పనిచేసేవారు. ఇది మందు తప్పూ కాదు, డాక్టరు తప్పూ కాదు, పుట్టుకతో వచ్చే తేడా అని ఆయన 1957లో ఒక రక్తపరీక్షతో చూపించారు. అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో కనపడే తేడా అని తేల్చారు. ఒకరికి పడిన మందు ఇంకొకరికి ఎందుకు పడదో వంశంలో వెతకాలన్న ఆలోచన అక్కడే బలపడింది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఐరోపాలో, అమెరికాలో ఈ ఎంజైమ్ పూర్తిగా లేనివాళ్లు లక్షమందిలో ఒకరు. అక్కడ ఒక మత్తు డాక్టరు జీవితమంతా పనిచేసి రిటైరైనా ఒక్కరినీ చూడకపోవచ్చు. మన తెలుగు నేలమీద ఒక సమాజంలో మాత్రం ఇది అంత అరుదు కాదు. ఆ సమాజం ఆర్యవైశ్యులు.

ఆ ఇళ్లవాళ్లు వింటుంటే నొచ్చుకోవద్దని మొదటే మనవి చేస్తున్నాను. ఇది జబ్బు కాదు. మళ్లీ మళ్లీ చెప్తాను, జబ్బు కాదు. ఈ ఎంజైమ్ లేకపోయినా మనిషి ఆరోగ్యంగా పుడతాడు, ఆరోగ్యంగా పెరుగుతాడు, వ్యాపారం చేసుకుంటాడు, మనవళ్లను ఎత్తుకుంటాడు. ఆయుష్షుకేం లోటు లేదు. స్కోలిన్ ఇచ్చిన ఆ ఒక్క రోజే తేడా తెలుస్తుంది. జీవితంలో స్కోలిన్ అవసరమే పడకపోతే ఆ తేడా ఉన్నట్టు కూడా తెలియదు.

ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైమ్ లోపం ఎక్కువగా ఉందని 1979లోనే పరిశోధన పత్రం అచ్చయింది. ఆ తర్వాత కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆచార్య బూపతి, ఆయన శిష్యుడు మనోహరన్ అక్కడి వైశ్య కుటుంబాల రక్తం పరీక్షించారు. అమెరికాలోని నెబ్రాస్కాలో ఈ ఎంజైమ్ మీదే ఏళ్ల తరబడి పనిచేసిన ఆక్సానా లాక్‌రిడ్జ్ వాళ్లతో కలిశారు. 2006, 2007లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షించినవాళ్లలో దాదాపు 25 మందిలో ఒకరికి ఆ ఎంజైమ్ పనిచేయడం లేదు. జన్యువులో ఒకే ఒక్క చోట ఉన్న మార్పు వల్ల ఇలా జరుగుతోందని కూడా గుర్తించారు. ఐరోపా, అమెరికాల్లో లక్షలో ఒకరు, ఇక్కడ పాతిక మందిలో ఒకరు. ఈ రెండంకెలే గుర్తుంచుకోండి చాలు.

ఎందుకిలా? పెనుగొండలో వాసవీ అమ్మవారితోపాటు 102 గోత్రాలవాళ్లు అగ్నిప్రవేశం చేశారని ఆర్యవైశ్యుల సంప్రదాయం. ఆ గోత్రాల లెక్క ఈనాటికీ పెళ్లిళ్లలో చూస్తారు. సంబంధాలు ఆ లోపలే కలుపుకుంటూ వచ్చారు. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్, వీళ్లంతా కలిసి మన దేశంలోని అనేక సమాజాల జన్యువులు చదివి 2009లో ప్రచురించారు. వైశ్యులు రెండు, మూడు వేల ఏళ్లుగా దాదాపుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారని ఆ జన్యువులే చెప్పాయి. ఎప్పుడో మూలపురుషుల్లో ఒకరికున్న ఒక చిన్న మార్పు అలా లోపలే తిరిగి తిరిగి ఇన్ని ఇళ్లకు చేరింది. తల్లి దగ్గర నుంచి ఒకటి, తండ్రి దగ్గర నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బిడ్డకు ఎంజైమ్ ఉండదు. ఒక్కటే వస్తే ఎంజైమ్ సగం ఉంటుంది, ఆ సగంతో మామూలుగా ఇబ్బందేమీ రాదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి సమాజంలోనూ ఇలాంటివి ఏవో ఉంటాయి. వైశ్యులది బయటపడింది, పరీక్షకు దొరికింది, అంతే. ఇంకో మాట. దీన్ని చూపించి సంబంధాలు చెడగొట్టుకోవద్దు. ఒక మందు పడదని పిల్లనిచ్చుకోవడం మానేస్తామా?

ఇప్పుడొక ఇంటిని ఊహించుకుందాం. ఏ ఒక్కరి కథా కాదు, ఎక్కడైనా జరగగలిగింది. పుంగనూరులో అంగడి ఉన్న కుటుంబం. కోడలికి నెలలు నిండాయి. రాత్రి పదకొండుకు నొప్పులు మొదలయ్యాయి, ఒంటిగంటకు బిడ్డ గుండె తగ్గిపోతోందన్నారు. వెన్నుకు సూది వేసే వ్యవధి కూడా లేదు. పూర్తి మత్తు ఇచ్చారు, స్కోలిన్ ఇచ్చారు. నాలుగు నిమిషాల్లో బిడ్డ బయటపడింది, ఏడ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తల్లి మాత్రం పీల్చుకోవడం లేదు. పావుగంటైంది. అరగంటైంది. కుట్లు వేయడం పూర్తయింది. మత్తు డాక్టరు సంచి నొక్కుతూనే ఉన్నారు. చేతికి ఆ లాగుడు తగలడం లేదు.

బయట వరండాలో బంధువులు చేరారు. "ఆపరేషన్ వికటించిందంట" అని ఎవరో అన్నారు. ఇంకెవరో ఫోన్లు కలిపారు. గొంతులు పెద్దవవుతున్నాయి. అప్పుడు డాక్టరు బయటికొచ్చి అడిగారు.

"అమ్మా, మీ అమ్మాయి పుట్టింటివైపు ఎవరికైనా ఆపరేషన్‌లో ఇట్లా మెలకువ రావడం ఆలస్యమైందా?"

కోడలి తల్లి కాస్త ఆలోచించింది. "మా పెద్దోడికి, అంటే ఈమె అన్నకు, కోలార్లో అపెండిక్స్ ఆపరేషన్ చేసినారు సామీ. పొద్దున లోపలికి తీసుకుపోయినోళ్లు సాయంత్రం దాకా మిషను మీదనే పెట్టినారు. బాగైపోయినాడు కదా, మళ్లీ ఆ మాట ఎత్తలేదు."

ఆ మాట ఒక్క రోజు ముందు చెప్పి ఉంటే స్కోలిన్ సీసా మూత తీసేవాళ్లే కాదు. దానికి బదులు రోక్యురోనియం ఉంది, వెక్యురోనియం ఉంది, అట్రాక్యూరియం ఉంది. వీటికి ఆ ఎంజైమ్‌తో పనిలేదు. రోక్యురోనియం ఎక్కువ మోతాదులో ఇస్తే దాదాపు అంతే వేగంగా గొట్టం వేయొచ్చు. అంటే ఆపరేషన్ ఆగదు. ఎవరినీ వెనక్కి పంపాల్సిన పనిలేదు. మందు మారుతుంది, అంతే.

ఆ కోడలి సంగతేమైందంటారా? ఏమీ కాదు, చేయాల్సింది చేస్తే. వెంటిలేటరు పెట్టి, నిద్రమందు కొనసాగించి, కూర్చుని కాపలా కాస్తే మందు దానంతట అదే దిగిపోతుంది. తెల్లవారేసరికో, పొద్దెక్కేసరికో కాలివేళ్లు కదులుతాయి. దీనికి విరుగుడు అంటూ ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. కావలసింది గాలి అందించే మిషను, కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ, పక్కన విసుగులేని మనిషి. వెంటిలేటరు లేని చోటైతే చేత్తోనే సంచి నొక్కుతూ 108 అంబులెన్సులో తిరుపతికో, వేలూరుకో, కుప్పం పీఈఎస్ ఆసుపత్రికో తరలించాల్సి వస్తుంది.

ఇక్కడ నా తోటి డాక్టర్లకు, నర్సమ్మలకు కూడా ఒక విన్నపం. ఒళ్లు కదలని మనిషికి చెవులు పనిచేస్తాయి. స్కోలిన్ నిద్రమందు కాదని ఇందాక చెప్పాను. నిద్రమందు దిగిపోయి, స్కోలిన్ మాత్రం ఒంట్లో మిగిలిపోతే, ఆ మనిషికి అన్నీ వినపడుతుంటాయి, కుట్ల నొప్పి తెలుస్తుంటుంది, రెప్ప కూడా ఎత్తలేరు. మెలకువలో ఉన్నానని చెప్పుకునే దారి లేదు. అంతకంటే నరకం నేను ఊహించలేను. కాబట్టి మెలకువ రాలేదని నిద్రమందు ఆపేసి కూర్చోకూడదు. ఊపిరి వచ్చేదాకా నిద్రమందు ఆగకూడదు. వరండాలో ఉన్న బంధువులకు కూడా అరగంటకోసారి వచ్చి ఏం జరుగుతోందో చెప్పాలి. చెప్పకపోతే వాళ్లు చెడ్డదే అనుకుంటారు, అనుకోక ఏం చేస్తారు?

ఇంటి ముచ్చట ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. కాలు విరిగిన యువకుడొకడు ఆసుపత్రికొచ్చాడు. విరిగిన కాలు గురించి వాడికి బెంగ లేదు. మత్తు గురించే బెంగ. "మా బంధువుల్లో పది మంది మత్తుమందు వల్లే చనిపోయారు" అన్నాడు. వేరే డాక్టరైతే నవ్వి ఊరుకునేవాడేమో. డెన్‌బరో అనే డాక్టరు ఆ మాటను పట్టుకున్నాడు. పాత మందు ఈథర్ వద్దని, అప్పట్లో కొత్తగా వచ్చిన హాలోథేన్ ఇచ్చారు. దానికీ ఒళ్లు కాలిపోయింది. కానీ అందరూ ముందే కన్నేసి ఉంచారు కనుక వెంటనే మత్తు ఆపేశారు, చల్లబరిచారు, బతికించారు. తర్వాత అతనికి మరో ఆపరేషన్ అవసరమైతే వెన్నుకు సూదితో క్షేమంగా చేశారు. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనే ప్రాణాంతక పరిస్థితి వైద్యలోకానికి తెలిసింది ఆ కుర్రాడు నోరు తెరవడం వల్లే. అది వేరే సమస్య, వైశ్యుల ఎంజైమ్‌కూ దానికీ సంబంధం లేదు. కానీ ఆ కుర్రాడు చేసిన పనే మీరూ చెయ్యాలి. ఇంట్లో జరిగింది డాక్టరుకు చెప్పాలి.

కండరాలకు, నరాలకు వచ్చే అరుదైన జబ్బుల విషయంలోనూ ఇంతే. వాటి గురించి కొంచెం చెప్తాను.

ఐదారేళ్ల పిల్లాడు. పిక్కలు బలంగా, గుండ్రంగా కనపడతాయి. పిల్లాడు పుష్టిగా ఉన్నాడనుకుంటారు. కానీ మెట్లు ఎక్కలేడు. కింద కూర్చున్నవాడు లేవాలంటే ముందు నేలమీద చేతులు ఆనిస్తాడు, తర్వాత మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద, అలా తన ఒళ్లు తానే పట్టుకుని పైకి పాకుతూ నిలబడతాడు. ఇది డ్యూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ కావచ్చు. కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు. తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. అందుకే మేం మేనమామల గురించి అడుగుతాం. చిన్నప్పుడే నడక పోయి కాలం చేసిన మేనమామ ఉన్నాడా అని అడుగుతాం. అలాంటి పిల్లాడికి హెర్నియాకో, విరిగిన చేతికో ఆపరేషన్‌లో స్కోలిన్ ఇస్తే కండరాల్లోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చిపడుతుంది. గుండె ఆగిపోవచ్చు. జబ్బు ఉందని ఇంకా ఎవరికీ తెలియని పిల్లల్లో అలా జరిగాకే, 1990ల్లో, పిల్లలకు మామూలు ఆపరేషన్లలో స్కోలిన్ వాడొద్దని అమెరికాలో గట్టి హెచ్చరిక జారీ చేశారు. కాబట్టి అమ్మలారా, పిల్లాడు లేచే తీరు మీకు తేడాగా అనిపిస్తే ఆపరేషన్ చిన్నదే కదా అని ఊరుకోకండి, చెప్పండి.

ఇంకొకటి మయస్థీనియా. పొద్దున బాగానే ఉంటారు. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముక్కులోంచి వస్తుంది, అన్నం నమిలేటప్పుడు దవడ అలసిపోతుంది. వీళ్లకు మా మందుల లెక్కే మారిపోతుంది. స్కోలిన్ సరిగా పట్టదు, మిగతా కండరాల మందులు కొంచెం ఇచ్చినా ఎక్కువైపోతాయి. వీళ్లు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు కూడా ఇందాక చెప్పిన ఎంజైమ్‌ను తగ్గిస్తాయి. మాత్రల అట్ట తెచ్చి డాక్టరు చేతిలో పెట్టండి. పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, అట్ట చాలు.

మన దక్షిణాదిలోనే మొదట గుర్తించిన జబ్బు కూడా ఒకటుంది. 1970లో మద్రాసు డాక్టర్లు వివరించారు, అందుకే దాన్ని మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి అంటారు. చిన్న వయసులోనే చేతులూ కాళ్లూ సన్నబడతాయి, చెవుడు వస్తుంది, మింగడం కష్టమవుతుంది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రలో కనపడుతుంది. మింగలేని మనిషికి మత్తు ఇస్తే లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది, మిషను మీద నుంచి తీయడమూ కష్టమే. వీళ్లకు ఆపరేషన్ ఐసీయూ ఉన్న చోటే చేయించుకోవడం మంచిది.

మన రైతుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మదనపల్లె టమాటా మార్కెట్టు ఎంత పెద్దదో మీకు నేను చెప్పాలా? ఆ తోటలకు పురుగుమందులు కొడతారు. వాటిలో క్లోరిపైరిఫాస్ వంటివి ఉంటాయి. ఆ జాతి మందులు మన ఒంట్లో ఇదే ఎంజైమ్‌ను కట్టేస్తాయి. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా వారాల తరబడి పిచికారీ చేసిన మనిషికి పుట్టుకతో ఏ లోపమూ లేకపోయినా ఎంజైమ్ పడిపోయి ఉండొచ్చు. కాబట్టి రైతన్నలారా, ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు ఈ మధ్య మందు కొట్టామని చెప్పండి. ఏ మందో కూడా చెప్పండి.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి కూడా ఉంది. పురుగుమందు తాగినవాళ్లకు చేసే రక్తపరీక్ష ఏమిటో తెలుసా? సీరం కోలినెస్టరేజ్. సరిగ్గా ఇదే. అందుకే ఈ పరీక్ష చెన్నైకో, బెంగళూరుకో పోతేనే దొరికేది కాదు. మన ప్రాంతపు ల్యాబుల్లో అడిగితే చేస్తారు, లేదా రక్తం తీసి పంపిస్తారు. ఎంజైమ్ అసలే లేనివాళ్లు ఈ మామూలు పరీక్షలోనే బయటపడతారు. పొరపాటు జరిగే చోటూ ఇదే. వైశ్య కుటుంబంలోని యువకుడు ఏదో కారణంతో స్పృహ తప్పితే, పరీక్షలో ఎంజైమ్ తక్కువ వస్తే, విషం తాగాడని అనుమానపడే ప్రమాదముంది. తన ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువని ముందే కాగితం ఉంటే ఆ అనుమానం ఉండదు, అక్కర్లేని వైద్యమూ ఉండదు.

అందుకే నాకొక ఆశ. మదనపల్లె పక్కన 1915లో క్షయరోగుల కోసం ఆరోగ్యవరం వెలిసింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమొడ్ మొల్లర్ దాన్ని నడిపారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసి చూసింది మదనపల్లెలోనే. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి టీకా ఫలితాలు గమనించారు. మన పెద్దలు చెయ్యి చాపి సూది వేయించుకున్నారు, ఆ లెక్కలు ప్రపంచమంతా చదివింది. అంత పెద్ద పని చేసిన ప్రాంతానికి ఇదెంత? వాసవీ జయంతికి ఆర్యవైశ్య సంఘాలు రక్తదానాలు చేయిస్తాయి, షుగరు పరీక్షలు చేయిస్తాయి. ఆ రోజే ఇంకొక్క గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం ఎక్కువ తీసి ఈ ఎంజైమ్ చూపించండి. యూదులు తమలో ఎక్కువగా వచ్చే టే శాక్స్ అనే జబ్బుకు 1970ల నుంచి ఇలాగే సామూహికంగా పరీక్షలు చేయించుకున్నారు, ఆ జబ్బుతో పుట్టే పిల్లలు వాళ్లలో బాగా తగ్గిపోయారు. వాళ్లది పసిపిల్లల ప్రాణాలు తీసే జబ్బు, పెళ్లిళ్ల దగ్గర కూడా ఆలోచించుకోవాల్సి వచ్చింది. మనది అంత కష్టం కాదు. తెలుసుకుంటే చాలు, పర్సులో ఒక చీటీ పెట్టుకుంటే చాలు.

ఒకరికి లోపం ఉందని తేలితే ముందు ఎవరికి పరీక్ష చేయించాలి? తోడబుట్టినవాళ్లకు. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఆ మార్పు ఉంది కాబట్టి, ప్రతి తోబుట్టువుకూ నాలుగింట ఒక వంతు అవకాశముంది. అన్నకు జరిగింది చెల్లెలికి చెప్పాలి. అక్కకు జరిగింది తమ్ముడికి చెప్పాలి. పెళ్లై కుప్పం వెళ్లినా, క్రిష్ణగిరి వెళ్లినా, అమెరికా వెళ్లినా ఫోన్ చేసి చెప్పాలి. అక్కడి డాక్టరుకు ఆర్యవైశ్యులంటే ఎవరో తెలియదు. మీ అమ్మాయి చెప్తేనే తెలుస్తుంది.

ఆ చీటీలో ఏం రాయాలో ఇప్పుడు నిదానంగా చెప్తాను. పెన్నూ కాగితం దగ్గరుంటే రాసుకోండి, లేకపోతే పిల్లల్ని పిలవండి.

మొదట మీ పేరు, రక్తం గ్రూపు. దాని కింద ఈ మాట: "నాకు సూడోకోలినెస్టరేజ్ లోపం ఉంది. స్కోలిన్ ఇవ్వవద్దు. మివాక్యూరియం ఇవ్వవద్దు." మళ్లీ చెప్తున్నాను, స్కోలిన్ ఇవ్వవద్దు, మివాక్యూరియం ఇవ్వవద్దు. మివాక్యూరియం కూడా ఇదే ఎంజైమ్ మీద ఆధారపడే కండరాల మందు. దాని కింద పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది. పరీక్ష చేయించుకోకుండా ఇంట్లో ఎవరికో జరిగిందని మాత్రమే తెలిస్తే అదే రాయండి: "మా అన్నకు ఫలానా ఏడాది ఆపరేషన్‌లో ఊపిరి రావడానికి ఇన్ని గంటలు పట్టింది." ఆసుపత్రివాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం ఉంటే ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. చివర్లో ఇంటివాళ్ల ఫోన్ నంబరు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయించండి, ఎందుకంటే ప్రమాదం ఏ రాష్ట్రంలో జరుగుతుందో తెలియదు. ఒకటి పర్సులో, ఒకటి ఇంటి బీరువాలో, ఒకటి తోబుట్టువుల దగ్గర.